నాన్నగారడిగిన చైనా ముద్ర

ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. షాపు లెక్కలు చూసుకుని, బట్టలు ఉతుక్కున్నాక ఇప్పటికి కూర్చున్నాను రాయడానికి. ఇంకో వారం ఆగితే సగం మర్చిపోతాను.

మా బావమరిది స్టేషనరీ, ఫ్యాన్సీ సామాన్ల హోల్‌సేల్ వ్యాపారం చేస్తాడు. ఏటా ఒకసారి చైనా వెళ్లి సరుకు చూసుకుని వస్తాడు. "ఈసారి నువ్వూ రా బావా, భాష రాని చోట ఇద్దరుంటే ధైర్యం" అన్నాడు. వెళ్లే ముందు రోజు నాన్నగారు పిలిచారు. ఆయన నలభై ఏళ్లు దస్తావేజు లేఖరిగా చేశారు. రిజిస్ట్రార్ ఆఫీసు బయట బల్ల వేసుకుని ఊళ్లో సగం మంది పొలాల కాగితాలు రాసిన చెయ్యి అది. పట్టిన వేలిముద్రలకైతే లెక్కే లేదు. "ఒరే, అక్కడ సంతకం బదులు రాతి ముద్ర వేస్తారట కదా. చేత్తో చెక్కింది ఒకటి నా పేర పట్రా. బజారు సరుకు తేకు" అన్నారు. ఆయన నన్ను ఏదైనా తెమ్మని అడగడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి.

ఏప్రిల్ 14, యీవూ

యీవూ హోల్‌సేల్ మార్కెట్‌లో 75,000 దాకా దుకాణాలున్నాయి. ఒక్కో దుకాణం ముందు ఒక్క నిమిషం నిలబడ్డా, రోజుకు ఎనిమిది గంటల చొప్పున అయిదు నెలలు పడుతుందని మావాడి లెక్క. జడపిన్నుల దుకాణాలే ఒక వీధంత ఉన్నాయి.

ముద్ర సంగతి అనుకోకుండా మొదటి పూటే ఎదురైంది. పెన్సిల్ బాక్సుల ఆర్డరు ఖాయమయ్యాక దుకాణం ఆవిడ కాగితం మీద సంతకం చేసి, సొరుగులోంచి గుండ్రటి ముద్ర తీసి దబ్బున వేసింది. ఎర్రటి వలయం, మధ్యలో నక్షత్రం, చుట్టూ కంపెనీ పేరు. ఇవాళ చైనాలో మామూలు మనుషులు సంతకంతోనో ఫోన్‌తోనో పని కానిస్తున్నారు గానీ, కంపెనీ మాటకు విలువ ఆ ఎర్ర ముద్రతోనే. అది పోలీసుల దగ్గర నమోదై ఉండాలి, ఎవరు పడితే వాళ్లు చెక్కించుకోవడానికి లేదు. ఆ తర్వాత ఆవిడ చిన్న ఎర్ర డబ్బా మావాడి ముందుకు జరిపి బొటనవేలు చూపించింది. అడ్వాన్సు రసీదు మీద వేలిముద్ర వేయమని! బీటెక్ చదివినవాడు నిశానీ వేయాల్సి వచ్చింది. వేలు తుడుచుకుంటూ "మామయ్యగారికి చెప్పకు" అన్నాడు. వచ్చిన రోజే చెప్పేశాను.

మధ్యాహ్నం ఒక మూల యంత్రంతో ముద్రలు చెక్కే కుర్రాడు కనబడ్డాడు. పది నిమిషాల్లో పని, 35 యువాన్లు. యువాన్ పన్నెండు రూపాయలనుకుంటే 420 రూపాయలు. చేత్తో చెక్కింది కాదని తెలుసు, అయినా చేతిలో ఒకటుంటే మంచిదని చెక్కించాను. నాన్నగారి పేరు 'సత్య'తో మొదలవుతుంది, ఇక్కడికి అంత చెబితే చాలు. ఆ ముక్క ఫోన్‌లో కొట్టాను. అది రెండు చైనా అక్షరాలు చూపించింది, కుర్రాడు వాటినే ఎక్కించేశాడు. కాస్త పొగ వచ్చింది, ముద్ర అయిపోయింది. ఇంత తేలిగ్గా అయిపోయినందుకు నాకే సిగ్గేసింది.

రాత్రి ఇండియన్ హోటల్లో పప్పు, రొట్టె. పప్పు గిన్నె 38 యువాన్లు. ఆ డబ్బుతో మా ఇంట్లో నాలుగు రోజులు పప్పు వండుకోవచ్చు.

ఏప్రిల్ 15, చింగ్‌తియెన్

పొద్దున లెక్కలు ముగించడానికి వెళ్లినప్పుడు నిన్నటి పెన్సిల్ బాక్సుల ఆవిడకు నా ముద్ర చూపించాను. గోటితో గీకి, "రాయి కాదు" అని ఫోన్‌లో తెలుగులోకి తర్జుమా చేసి వినిపించింది. పైన అక్షరాలు చదివి నవ్వింది కూడా, ఎందుకో మాత్రం చెప్పలేదు. రాయి కావాలంటే చింగ్‌తియెన్ వెళ్లమంది. అదే రైలు దారిలో దక్షిణంగా ఉంది. తిరుగు ప్రయాణానికి ఇంకా అయిదు రోజుల వ్యవధి ఉండటంతో బయల్దేరాం.

ఓజియాంగ్ నది ఒడ్డున, కొండల మధ్య ఇరుక్కున్నట్టుండే ఊరు. రాళ్ల ఊరని వెళ్తే ముందు కాఫీ వాసన తగిలింది. ఇక్కడివాళ్లు తరతరాలుగా స్పెయిన్‌కూ ఇటలీకీ వలస వెళ్లారు. మన కోనసీమ వాళ్లు గల్ఫ్ వెళ్లినట్టన్నమాట. తిరిగొచ్చిన ముసలాళ్లు అక్కడి అలవాట్లు వెంట తెచ్చుకున్నారు. హవాయి చెప్పులు, చేతుల్లేని బనీను వేసుకున్న ఒక పెద్దాయన బొమ్మలాటలో ఉండేంత కప్పులో నల్లటి కాఫీ పోయించుకుని రెండు గుక్కల్లో తాగేశాడు. ఖరీదు 12 యువాన్లు. మేమూ తాగాం. ఫిల్టరు కాఫీ డికాక్షన్‌ను పాలు కలపకుండా నోట్లో పోసుకున్నట్టుంది. మావాడు పంచదార మూడు పొట్లాలు వేసుకుని, గ్లాసుడు పాలు అడిగి, అక్కడున్న వాళ్లందరికీ వినోదం కలిగించాడు.

ఇక్కడ విదేశీయుడంటే స్పెయినువాడే అని లెక్క. బస్టాండులో ఒకాయన నా భుజం తట్టి "హోలా" అని మొదలుపెట్టి రెండు నిమిషాలు గడగడా మాట్లాడాడు. నేను తలూపుతూ పోయాను. ఏం ఒప్పుకున్నానో ఇప్పటికీ తెలీదు.

రాత్రి భోజనంలో పొలం చేప. వరి చేలో నీళ్లలోనే చేపలు పెంచడం ఇక్కడ శతాబ్దాల నాటి పద్ధతి. 2005లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ దీన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. మా వైపు చేను తవ్వి చెరువు చేస్తే చేపలొస్తాయి, చేను పోతుంది. వీళ్లు రెండూ ఉంచుకున్నారు. ఎర్రగా, బంగారు చేపకు పెద్దన్నలా ఉంది. పొలుసు తీయకుండా వండారు. హోటలామె మా ముఖాలు చూసి, తానే ఒక ముక్క పొలుసుతో సహా తిని చూపించింది. నిజంగానే మెత్తగా ఉంది. అల్లం, ఎండుమిర్చి వేశారు కాబట్టి మాకూ సరిపోయింది. ఇద్దరికీ 96 యువాన్లు.

ఏప్రిల్ 16, షాన్‌ఖౌ

రాళ్లు అమ్మే అసలు ఊరు షాన్‌ఖౌ, చింగ్‌తియెన్ నుంచి బస్సులో వెళ్లాలి. మేం దిగాల్సిన చోట దిగలేదు. బస్సు కొండెక్కుతూ పోయింది, రాళ్ల దుకాణాలు వెనకబడ్డాయి, వెదురు తోపులొచ్చాయి. చివరి స్టాపులో మేమిద్దరం, ఒక కోడి దిగాం. కోడి గలావిడ మమ్మల్ని అటు నుంచి అటే తిరిగెళ్లే బస్సు ఎక్కించింది. డ్రైవరు మా దగ్గర టికెట్టు తీసుకోలేదు. మాట్లాడకుండా అద్దంలో చూసి నవ్వుకున్నాడు.

షాన్‌ఖౌలో వీధి పొడుగునా రాతి బొమ్మలే. ద్రాక్ష గుత్తులు, జొన్న కంకులు, పీతలు, అన్నీ రాయిలోనే. ఒకే రాయిలో ఎక్కడ పచ్చ పొర ఉందో అక్కడ ఆకు, ఎక్కడ గోధుమ పొర ఉందో అక్కడ కంకి వచ్చేలా చెక్కుతారు. అవి చూస్తూ గంట గడిచిపోయింది. మాకు కావాల్సినవి మాత్రం వెనక సందులో, ట్రేలలో సబ్బు బిళ్లల్లా పేర్చి ఉన్నాయి.

ముద్ర రాళ్లలో పేరున్నవి నాలుగు. ఫూజియాన్‌లోని షౌషాన్ రాయి, ఈ చింగ్‌తియెన్ రాయి, హాంగ్‌జౌ పక్కన దొరికే ఛాంగ్‌హువా రాయి, ఇన్నర్ మంగోలియా నుంచి వచ్చే బాలిన్ రాయి. ఛాంగ్‌హువాలో ఎర్ర చారలున్న దాన్ని కోడినెత్తురు రాయి అంటారు. అది అరచేతిలో పట్టేంత ఉన్నా మా వ్యాపారం అమ్ముకున్నా రాదు. చింగ్‌తియెన్ రాయికి పేరు తెచ్చింది రంగు కాదు, మెత్తదనం. దుకాణం ఆవిడ ఒక తునక మీద కత్తితో గీసి చూపించింది. తెల్లటి పొడి రాలింది. వేలితో నలిపితే చిన్నప్పటి పలక మీది బలపమే గుర్తొచ్చింది. కత్తి పెట్టిన చోటికి మాట వినే రాయి.

ఈ మెత్తదనమే ఒకప్పుడు పెద్ద మార్పు తెచ్చింది. అంతకుముందు ముద్రలు ఎక్కువగా కంచు, జేడ్, దంతం మీద ఉండేవి. పండితుడు అక్షరం గీసిస్తే, చెక్కే పని వేరేవాడు చేసేవాడు. మింగ్ రాజుల కాలంలో వెన్ పెంగ్ (1498–1573) అనే ఆయన కూడా అలాగే దంతం మీద చెక్కించుకునేవాడు. నాన్‌జింగ్‌లో ఒకరోజు గాడిద మీద బుట్టలతో రాళ్లు తెచ్చిన ముసలాయన డబ్బుల కోసం ఎవరితోనో గొడవ పడుతుంటే, వెన్ పెంగ్ మధ్యలో దూరి ఆ రాళ్లన్నీ తానే కొనేశాడని కథ. కోసి చూస్తే అవి చింగ్‌తియెన్ వైపు మేలిరకం రాళ్లు. అప్పటి నుంచి ఆయన దంతం మానేశాడట. రాసేవాడే చెక్కేవాడు కావడం అలా ఊపందుకుంది.

రాయి ఎంచడంలో ఆవిడే నాకు గురువైంది. వెలుతురుకు పట్టి చూడాలి. పగులు ఉంటే నూనె, మైనం పట్టించి దాస్తారు, గోరు ఆనితే తెలుస్తుంది. ముక్కలో ఇసుక మేకు అనే గట్టి చుక్క ఉంటే కత్తి అక్కడ జారుతుంది. మరీ ఒకే రంగులో మెరిసిపోతుంటే అద్దకం అనుకోవాలి. చివరికి లేత ముంజె రంగులో, ముంజెలాగే లోపలికి కాస్త వెలుతురు పోయే రాయి ఒకటి నచ్చింది. ముఖం అంగుళం చదరం, రెండున్నర అంగుళాల ఎత్తు. 260 చెప్పింది. నేను 120 అన్నాను. ఆవిడ ట్రే మూసేసింది. మావాడు నా కాలు తొక్కి 180కి తేల్చాడు. ఈ పనిలో వాడిది అందె వేసిన చెయ్యి. డబ్బులివ్వగానే ఆవిడ కోపమంతా పోయి, చెక్కడం ఇక్కడ కాదు, హాంగ్‌జౌలో చేయించుకోమని తానే చెప్పింది. తోటి దుకాణాలకు వినబడకుండా చెప్పింది.

ఏప్రిల్ 17, హాంగ్‌జౌ

మధ్యాహ్నానికి హాంగ్‌జౌ. అందరూ పడమటి సరస్సు గురించి చెబుతారు, నేను చెప్పను. బాగుంది. జనం కూడా బాగానే ఉన్నారు.

నాన్‌షాన్ రోడ్డులో లలితకళల అకాడమీ ఉంది. దాని చుట్టూ కుంచెలు, కాగితాలు, రాళ్లు అమ్మే దుకాణాలు. ముందు వెళ్లిన రెండు చోట్లా యంత్రం చూపించారు. మూడో చోట ఒక విద్యార్థిని మమ్మల్ని వెనక సందులో ఉండే తన టీచరు ఇంటికి తీసుకెళ్లింది. మధ్యలో దారి తప్పి ఎవరి వంటింట్లోకో వెళ్లాం. వాళ్లు తింటున్న గిన్నెలు కింద పెట్టకుండానే చేత్తో దారి చూపించారు.

టీచరుకు అరవై దాటి ఉంటాయి. అందరూ లావ్‌షీ అంటారు, మన మాస్టారు లాంటి మాట. మేమూ అదే అన్నాం. గదిలో ఒక బల్ల, దీపం, గోడకు ఎర్ర ముద్రల కాగితాలు. పేరు రాసివ్వమంటే మావాడు జేబులోంచి ఎర్ర పెన్ను తీశాడు. ఆవిడ మాట్లాడకుండా పెన్ను తీసుకుని పక్కన పెట్టి, నల్లది చేతికిచ్చింది. బతికున్న మనిషి పేరు ఎర్ర సిరాతో రాయకూడదట, అశుభం. ముద్ర మాత్రం ఎర్రగానే పడాలి! ఇందులో తర్కం అడగడం మన 'వెళ్లొస్తాను' గురించి అడగడం లాంటిదని ఊరుకున్నాను.

యీవూ ముద్ర బల్ల మీద పెట్టాను. లావ్‌షీ చదివింది, ఆ పిల్ల చదివింది, ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు. ఫోన్ నాన్నగారి పేరును పేరుగా కాక మాటగా అనుకుంది. అక్కడున్నది 'అసలు సంగతి' అని. పేపర్లో కుంభకోణం వార్తకు పెట్టే హెడ్డింగు. నాన్నగారు దస్తావేజు మీద ఆ ముద్ర వేసి ఉంటే కొన్నవాడు పారిపోయేవాడు.

పేరును ధ్వనిని బట్టి రాయొచ్చు అంది పిల్ల. 'సా తి యా' అని మూడు అక్షరాలు రాసి, "మైక్రోసాఫ్ట్?" అని అడిగింది. సత్య నాదెళ్ల పేరు వాళ్లు అలాగే రాస్తారట. మా వైపు మనిషేనని చెప్పాక మాకు టీ వచ్చింది. గాజు గ్లాసులో ఆకులు తేలుతూ, ఊదుకుంటూ తాగే లోంగ్‌జింగ్ టీ. గ్లాసు సగమయ్యేసరికి వేణ్ణీళ్లు పోస్తూనే ఉన్నారు. వద్దని ఎలా చెప్పాలో తెలియక నేను నాలుగు గ్లాసులు తాగాను.

లావ్‌షీకి ఆ మూడు అక్షరాలు నచ్చలేదు. శబ్దమే తప్ప అర్థం లేదంది. మీ నాన్న ఏం చేసేవారని అడిగింది. పొలం అమ్మేవాళ్ల మాట, కొనేవాళ్ల మాట కాగితం మీద పెట్టేవారని చెప్పాను. ఆవిడ లావుపాటి నిఘంటువు తెరిచి ఒక అక్షరం మీద వేలు పెట్టింది. శిన్. నమ్మకం, మాట నిలకడ. ఎడమ వైపు మనిషి, కుడి వైపు మాట. ఇప్పటి వాడుకలో ఉత్తరం అని కూడా అర్థం. రెండు వేల ఏళ్ల కిందటి హాన్ రాజుల కాలంలో జనం తమ ముద్రల్లో పేరు పక్కన ఈ అక్షరం చేర్చుకునేవారట. పేరు పక్కవైపు మీ లిపిలోనే చెక్కుతాను, ముఖం మీద ఈ ఒక్క అక్షరం చాలు అంది. నేను వెంటనే ఒప్పుకున్నాను. అసలు సంగతికి ఇదెంత దగ్గర, ఎంత దూరం!

ఒక్క అక్షరానికి 400 యువాన్లు, పక్క రాతకు 100. రాయి కాక ఆరు వేల రూపాయలు. మావాడు అలవాటుగా 300 అన్నాడు. లావ్‌షీ కోప్పడలేదు. వీధి చివర యంత్రం ఉంది, అక్కడ 40 అవుతుందని చాలా మర్యాదగా చెప్పింది. మావాడు రెండు చేతులతో అయిదు వందలు ఇచ్చాడు.

ఏప్రిల్ 18, గూషాన్ కొండ

అక్షరం గీయడానికి ఆవిడకు ఒకరోజు కావాలి. చెక్కడం కన్నా గీయడమే కష్టమట. ఈలోగా శీలింగ్ యిన్‌షె చూసి రమ్మంది. సరస్సులోని గూషాన్ కొండ మీద ముద్రలు చెక్కేవాళ్ల సంఘం అది. 1904లో నలుగురు మిత్రులు కలిసి పెట్టారు. 1913లో ఊ ఛాంగ్‌షువో అనే పేరున్న ముద్రకారుడు మొదటి అధ్యక్షుడయ్యాడు.

నీటి అంచున చిన్న గేటు. గొప్ప సంస్థ అని చెప్పే ఆర్భాటం ఏమీ లేదు. మేం ఒకసారి దాటిపోయి వెనక్కొచ్చాం. లోపల మెట్లు, వెదుళ్లు, రాతి గోడల మీద రాతలు, చిన్న కొలను, దాని పక్కన 1924 నాటి రాతి స్తూపం. ఒక రాతి గదిలో తాళం వేసి క్రీ.శ. 52 నాటి శాసనం. 1921లో అది విదేశీ వ్యాపారుల చేతికి పోబోతుంటే సంఘం వాళ్లు చందాలు వేసుకుని కొని, ఈ గది కట్టి పెట్టారు. కటకటాల్లోంచి చూస్తే అరిగిన అక్షరాలు కొద్దిగా కనిపిస్తాయి. ఒక తాతగారు మనవణ్ణి ఎత్తుకుని ఆ కటకటాల్లోంచి ఒక్కో అక్షరం చదివిస్తున్నాడు. వాడు రెండు చదివి మూడోది ఐస్‌క్రీము అడిగాడు.

ఈ సంఘానికి ఒక పంతం ఉంది. తగినవాడు దొరక్కపోతే కుర్చీ ఖాళీగా ఉంచుతారు గానీ ఎవర్నో ఒకర్ని కూర్చోబెట్టరు. అందుకే 2018 దాకా అధ్యక్షులు ఏడుగురే. ఏడో ఆయన రావ్ జోంగ్‌యి. పేరు చూసి మన రావుగారేమో అన్నాడు మావాడు. మనవాడు కాదు గానీ 1963లో పుణెలోని భండార్కర్ సంస్థకు వచ్చి సంస్కృతం చదువుకున్నాడు.

కొండ కిందే 1999లో తెరిచిన ముద్రల మ్యూజియం ఉంది. నన్ను ఎక్కువసేపు ఆపినవి రాళ్లు కావు, ఎండిన మట్టి ముద్దలు. కాగితం లేని రోజుల్లో వెదురు బద్దల మీద రాసి, తాడుతో కట్టి, ముడి మీద మట్టి పెట్టి ముద్ర నొక్కేవారు. ఎవరైనా విప్పితే మట్టి పగిలి దొరికిపోతారు. మన తూర్పు చాళుక్యుల రాగి శాసనాలు గుర్తొచ్చాయి. రేకులన్నీ ఒక కడియానికి గుచ్చి, కడియం కలిసే చోట వరాహంతో 'శ్రీ త్రిభువనాంకుశ' అని ముద్ర వేసేవారు. వాళ్లది మట్టి, మనది రాగి. ఇద్దరి అనుమానమూ ఒకటే.

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో ఇక్కడి ప్రసిద్ధ వంటకం సరస్సు చేప తిన్నాం. మా కొల్లేరు వైపు చెరువుల్లో పెంచే గడ్డిచేపే. ఉడకబెట్టి, పైన వెనిగరు, పంచదార కలిపిన నల్లటి పులుసు పోశారు. వేపుడూ కాదు, పులుసూ కాదు, బురద వాసన అలాగే ఉంది. ఈ చేపకు చింతపండు తప్ప గతి లేదని నా అభిప్రాయం. పక్క బల్ల వాళ్లు కూడా అదే చేప ముందు పెట్టుకుని ఫోటోలు తీసుకుని వదిలేశారు. సాయంత్రం వెదురు మొలకలు, ఊరబెట్టిన ఆకుకూర వేసిన నూడుల్స్ 22 యువాన్లకు తిన్నాక ప్రాణం లేచొచ్చింది.

ఏప్రిల్ 19, శనివారం

మావాడికి శనివారం నీచు పనికిరాదు. పొద్దున్నే రోడ్డు పక్క ఉల్లికాడలు, వేయించిన పిండి కడ్డీ చుట్టి పెనం మీద అణిచే రొట్టె దొరికింది. శాకాహారమే అని మూడుసార్లు అడిగించి తిన్నాడు. ఏడు యువాన్లు.

లావ్‌షీ రెండు కాగితాలు చూపించింది. ఒకదాంట్లో అక్షరం ఎర్రగా, చుట్టూ తెలుపు. రెండోదాంట్లో నేలంతా ఎరుపు, అక్షరం తెలుపు. మొదటిది చేయాలంటే అక్షరం వదిలి మిగతాదంతా చెక్కేయాలి, రెండోదానికి అక్షరాన్ని మాత్రం తవ్వాలి. నేను తెల్లక్షరం అన్నాను. నాన్నగారి దస్తావేజుల్లో వేలిముద్ర పడ్డ చోటు అలాగే ఉండేది, సిరా మధ్యలో సన్నటి తెల్ల గీతలు.

ముందు అద్దం ముక్క మీద గరుకు కాగితం పరిచి రాయి ముఖం సాపు చేసింది. సిరాతో రాసిన పల్చటి కాగితాన్ని బోర్లా వేసి, తడిపి, వేలి గోటితో రుద్దింది. కాగితం తీసేసరికి అక్షరం రాయి మీద తిరగబడి ఉంది. మనిషి కుడికొచ్చాడు, మాట ఎడమకెళ్లింది. రాయిని చెక్క బిగింపులో పెట్టి కత్తి పట్టింది. కత్తిని ఒకే ఊపులో తోయలేదు. చిన్న చిన్న అడుగులుగా అణుస్తూ, ఊపుతూ పోయింది. పోకచెక్కలు కత్తిరిస్తున్నట్టు టిక్కు టిక్కు మనే చప్పుడు. ఇది హాంగ్‌జౌ పద్ధతి, 18వ శతాబ్దంలో ఇక్కడి డింగ్ జింగ్ అనే ముద్రకారుడి దగ్గర్నుంచి వస్తున్నదని పిల్ల చెప్పింది. గీత అంచులు నున్నగా రావు, కాస్త తునిగినట్టు ఉంటాయి. అదే అందమట.

ముప్పావు గంట ఎవరూ మాట్లాడలేదు. పని అయిందనుకున్నాక ఆవిడ కత్తి పిడితో రాయి అంచు మీద ఠపీమని కొట్టింది. అంచు విరిగింది! 180 యువాన్ల రాయి. నేను లేచి నిలబడ్డాను. ఆవిడ నన్ను కూర్చోమని సైగ చేసి, ఇంకోచోట కూడా కొట్టింది. చుట్టూ చెక్కుచెదరని గీత ఉంటే అక్షరానికి ఊపిరాడదట. యంత్రం చెయ్యలేని పని అదొక్కటేనని పిల్ల అంటే, లావ్‌షీ కాదని తల అడ్డంగా ఊపింది. యంత్రానికీ విరగ్గొట్టడం నేర్పారట, ఎక్కడ ఆపాలో ఇంకా నేర్పలేదట.

పక్క రాత కోసం నన్ను తెలుగులో రాసివ్వమంది. అలవాటుగా ముందు 'శ్రీ' పెట్టి రాశాను. కాగితం అటూ ఇటూ తిప్పి చూసి "ఇందులో ఒక్క తిన్నటి గీత కూడా లేదే" అంది. తాటాకు మీద ఘంటంతో తిన్నగా గీస్తే ఆకు చీలుతుందని చిన్నప్పుడు మా మాస్టారు చెప్పింది చెప్పాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, కత్తిని కదలకుండా పట్టుకుని రాయిని తిప్పడం మొదలుపెట్టింది. 'శ్రీ' ఒక్కదానికే పది నిమిషాలు పట్టింది. గుడిదీర్ఘం దగ్గర నాలుక పంటి కింద పెట్టుకుంది.

చివరికి ఎర్ర ముద్ద ఉన్న పింగాణీ డబ్బా. చూడ్డానికి కుంకుమ తడిపినట్టుంది. ఏముంటుంది ఇందులో అంటే పిల్ల మూడు పేర్లు వెతికి చూపించింది. ఇంగిలీకం. ఏళ్ల తరబడి ఎండలో పెట్టిన ఆముదం. ఒక ఆకు ఎండబెట్టి దంచి తీసిన దూది. ఆ ఆకు ఫోటో చూస్తే మన మాచిపత్రి జాతే, వినాయకచవితి పత్రిలో మొదట చదివే పేరు. నేను ఆశ్చర్యపోయానని వాళ్లకు ఎందుకో అర్థం కాలేదు, వినాయకుడి గురించి చెప్పే ఓపిక నాకూ లేకపోయింది. ముద్దను ఇనుము తగలకుండా ఎముక పుల్లతోనే కలపాలి, వేలికంటితే కడుక్కోవాలి, ఇంగిలీకంలో పాదరసం ఉంటుంది. చిన్న డబ్బా 60 యువాన్లు.

మెత్తటి అట్ట మీద పల్చటి కాగితం వేసి, ముద్దను ముద్ర మీద తేలిగ్గా అద్ది, నిలువుగా నొక్కి, ఒక్క క్షణం ఆగి ఎత్తింది. మనిషి మళ్లీ ఎడమకొచ్చాడు. ఆ కాగితాన్ని రెండు చేతులతో నాకిచ్చింది. నేనూ రెండు చేతులతో తీసుకున్నాను.

ఇంట్లో

నాన్నగారు ముందు రాయి చూడలేదు. డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఆముదం" అన్నారు. ఇంకోసారి చూసి "ఇంగిలీకమా?" అన్నారు. మాచిపత్రి సంగతి చెప్పగానే అమ్మ వంటింట్లోంచి "చవితి సామానంతా అందులోనే ఉందే" అంది.

పాత స్టాంపు పేపరు వెనక మొదటి ముద్ర వేశారు. చెరిగిపోయింది. రెండోదీ అంతే. అప్పుడు చూశాను. ఆయన రాయిని నిలువుగా నొక్కడం లేదు, ఎడమ అంచు ఆనించి కుడికి దొర్లిస్తున్నారు. నలభై ఏళ్లు ఊళ్లోవాళ్ల బొటనవేళ్లు పట్టుకుని దొర్లించిన చెయ్యి మరి. ఆయనకూ తెలుసు, నవ్వుకుంటూనే మళ్లీ దొర్లించారు. ఏడోసారికి తిన్నగా పడింది.

తర్వాత కళ్లద్దాలు పెట్టుకుని పక్క రాత చదివారు. పేరులో ఒకచోట దీర్ఘం పడాల్సింది పడలేదు. పాపం ఆవిడకు తెలుగు రాదు కదా నాన్నా అన్నాను. నేను రాసిచ్చిన కాగితం కూడా డబ్బాలోనే ఉంది. దాన్ని తీసి రాయి పక్కన పెట్టుకుని, దస్తావేజు నకలు సరిచూసినట్టు ఒక్కో అక్షరం సరిచూశారు.

"ఆవిడ తప్పేం లేదు" అన్నారు. "నువ్వు రాసిందే చెక్కింది."